కారుకు సలాం, మిస్త్రీకి నక్కో

పోయిన నెల ఒక జుమా రోజు మార్కాపురంలో నమాజ్ అయ్యి బయటికొచ్చేసరికి నా కారు చుట్టూ పదిహేను మంది చేరి ఉన్నారు. 1984 నాటి అంబాసిడర్, మార్క్ ఫోర్. తెల్ల రంగు, అద్దంలా మెరిసే బంపర్లు. ఒకాయన బానెట్‌ను గుర్రం వీపు నిమిరినట్టు నిమిరాడు. ఒక చాచా లోపలికి తొంగి చూసి, స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్‌ను చూసి, "మా నిఖా బరాత్ ఇందులోనే వచ్చింది" అన్నాడు. పిల్లలు సెల్ఫీలు దిగారు.

"కిత్తే పైసే లగే?" అన్నది మొదటి సవాల్. చెప్పాను. "యాడ చేయించినావ్? హైదరాబాదా, మద్రాసా?" అన్నది రెండోది.

"యాడా కాదు. ఇక్కడే, మన కంభం రోడ్డు షెడ్డులో."

ఎవరూ నమ్మలేదు. ఒకాయన నవ్వి, "ఆ ముసలాయనా? ఆయనకింత హునర్ ఉందా?" అన్నాడు. ఆ ముసలాయన, అంటే మా ఉస్తాద్, అప్పుడు మా వెనకే రెండు గజాల దూరంలో చెప్పులు తొడుక్కుంటున్నాడు. అందరూ కారుకు సలాం చెప్పారు. ఆయన వైపు తిరిగి ఒక్కరు కూడా చెప్పలేదు. ఆయన తన సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఈ రాత ఆ రెండు గజాల దూరం గురించి. చదివాక కొందరికి కోపం రావొచ్చు. రానివ్వండి. ముందు నా మీద నాకే వచ్చింది, ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు కారు సంగతి. మా మర్హూం అబ్బా ఒక సేఠ్ దగ్గర అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవారు. మన పడమటి తాలూకాల్లో అప్పట్లో అంబులెన్స్ అన్నా అదే, బరాత్ బండి అన్నా అదే, ఎలక్షన్ బండి అన్నా అదే. కాన్పు కష్టమైన ఆడమనిషినీ, పాము కరిచిన రైతునూ వెనక సీట్లో పడుకోబెట్టుకుని అబ్బా గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేవారు. నంద్యాల, అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రి. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లావే కదా. జిల్లా మారినా జబ్బు చేసినవాళ్ల దారి చాలా ఏళ్లు మారలేదు.

మే నెలలో ఆ ఘాట్ మీద ఇంజన్ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోయేది. అబ్బా దిగి, తడి గుడ్డ పెట్రోలు పంపు మీద కప్పి, పది నిమిషాలు ఆగి, బిస్మిల్లా అని మళ్లీ స్టార్ట్ చేసేవారు. ఆ తడి గుడ్డ ఇల్మ్ ఆయనకు చెప్పింది ఈ ఉస్తాదే. ఆ గుడ్డ వల్ల ఎన్ని ప్రాణాలు కర్నూలు చేరాయో ఏ రికార్డులోనూ లేదు.

ఉర్దూ మీడియం స్కూల్లో చదువుకునే రోజుల్లో అబ్బాకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లడమంటే నాకు శరమ్. క్లాసులో వాళ్లు చూస్తారేమోనని వెనక సందులోంచి వెళ్లేవాణ్ని. తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను, పేపర్లో పడ్డాను, చేతికి గ్రీజు అంటని ఉద్యోగం వచ్చింది. నలభై దాటాక, అబ్బా పోయాక, ఆ బండి గుర్తుకొచ్చింది. గిద్దలూరు దగ్గర ఒక పల్లెలో వేపచెట్టు కింద పదకొండేళ్లుగా పడున్న ఒక అంబాసిడర్ ఉందని తెలిసి వెళ్లి కొన్నాను. కోళ్లు డిక్కీలో గుడ్లు పెడుతున్నాయి.

ఖాందాన్‌లో వెంటనే ఫత్వాలు మొదలయ్యాయి. "పాత ఇనుము మీద లక్షలా? ఇస్రాఫ్ కాదా?" సరే, జవాబ్ చెప్తాను. నా పిల్లల ఫీజు బాకీ ఉండి, జకాత్ తీయకుండా, కర్జా చేసి ఈ షౌఖ్ తీర్చుకుని ఉంటే అది ఇస్రాఫే. అట్లా చేయలేదు. మూడేళ్లు కూడబెట్టి చేశాను. కానీ ఈ సవాల్ అడిగినవాళ్లలో ఇద్దరు ఆర్నెల్ల ముందే ఫంక్షన్ హాల్లో ఎనిమిది వందల మందికి వలీమా పెట్టి, సగం బిర్యానీ డ్రమ్ముల్లో పారబోయించారు. ఆ రాత్రి ఇస్రాఫ్ మాట ఎవరి నోటా రాలేదు. అక్కడితో ఆ బహస్ ఖతం.

అసలు బహస్ వేరే ఉంది.

అంబాసిడర్ కథ మీకు తెలిసే ఉంటుంది. బ్రిటన్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో 1950ల చివర్లో మొదలుపెట్టిన బండి. 2014 మే నెలలో ఆ కార్ఖానా ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. కార్ఖానాను కాదు, ట్రేడ్‌మార్కును. ఒక బండి పేరుకు 80 కోట్లు పలికింది. ఆ బండిని దేశంలోని ప్రతి చిన్న ఊళ్లో యాభై ఏళ్లకు పైగా రోడ్డు మీద నిలబెట్టిన మిస్త్రీలకు మాత్రం పేరే లేదు. నేనిప్పుడు మా ఉస్తాద్ పేరు రాద్దామన్నా ఆయనే వద్దన్నాడు. "పేరు రాస్తే కిరాయి పెంచుతాడు షెడ్డు ఓనరు" అని నవ్వాడు.

ఆయనకు ఇప్పుడు అరవై ఎనిమిది. తొమ్మిదేళ్లప్పుడు కర్నూల్లో ఒక గ్యారేజీలో షాగిర్ద్‌గా చేరాడు. స్కూలు అక్కడితో సరి. నా బండిని చూసి ఆయన ముందు ఏమీ అనలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, కింద పడుకుని ఫ్లోరు మీద పిడికిలితో కొట్టి విన్నాడు. ఎక్కడ రేకు గట్టిది, ఎక్కడ రంగు కింద తుప్పే మిగిలింది అన్నది ఆ చప్పుడు బట్టే చెప్పాడు. డోర్ల అడుగులు, డ్రైవరు కాళ్ల కింది ఫ్లోరు, డిక్కీ అడుగు పోయాయి. ఛాసీ కాళ్లు గట్టివే. "జాన్ హై" అన్నాడు. ప్రాణం ఉంది అని.

ఇంజన్ పట్టేసి ఉంది. నేనైతే సుత్తి తీసుకునేవాణ్ని. ఆయన నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి, తొమ్మిది రోజులు ఆగాడు. రోజూ అసర్ తర్వాత వచ్చి హ్యాండిల్ పెట్టి వెంట్రుక వాసి అటూ ఇటూ కదిపేవాడు. తొమ్మిదో రోజు తిరిగింది. తర్వాతే విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేశాడు. ఈ ఇంజనులో టాపెట్ సందు 15 థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యి భాగాలకు పదిహేను భాగాలు. ఆయన గేజీ పెట్టకుండా వేలితో కదిపి బిగించాడు. నేను నమ్మక గేజీ పెట్టి చూశాను. ఎనిమిదింటిలో ఏడు సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదోది నేనే గేజీ వంకరగా పెట్టానని ఆయన చూపించాడు.

వైరింగ్ మొత్తం ఎలుకలు తినేశాయి. అది ఆయన మనవడు చేశాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, టెన్త్ పాస్. మొబైల్లో పాత సర్క్యూట్ బొమ్మ సంపాదించి, ఏ తీగ ఏ రంగులో ఉండాలో అదే రంగులో తెప్పించి, కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ దాకా మళ్లీ అల్లాడు. తాత చెవితో పట్టుకునే ఫాల్ట్‌ను వాడు మీటరుతో పట్టుకుంటాడు. ఇద్దరూ పోట్లాడుకుంటారు, ఇద్దరూ ఒకే చోటికి వస్తారు. ఈ కౌమ్‌కు ఇంతకన్నా మంచి మద్రసా ఏముంటుంది చెప్పండి?

ఇప్పుడు హిసాబ్. దాచేదేమీ లేదు. కారు 60,000. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట తిరిగి తెచ్చిన సామాన్లు 1,05,000. టింకరింగ్, లప్పం, పెయింటింగ్ 72,000. లేత్ పని, బోరు 19,000. ఉస్తాద్ చేతి పని 28,000. మొత్తం 2,84,000.

చివరి అంకె మళ్లీ చూడండి. ఎనిమిది నెలల పని. నెలకు 3,500. మొత్తం ఖర్చులో పదో వంతు కూడా కాదు. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే ఆయన అడిగింది 35,000. నేను బేరం ఆడి 28,000కు దించాను. పుదుపేటలో పాత బంపర్ల జతకు 9,000 అంటే మారు మాట్లాడకుండా ఇచ్చినవాణ్ని, ఈయన చేతికి మాత్రం ఏడు వేలు కోశాను. మజూర్‌కు చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీస్ మనందరికీ నోటికొచ్చు. చెమట ఆరకముందే ఇచ్చాను నేను కూడా. కోసి ఇచ్చాను.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. బేకరీలో బేరం ఆడం, షోరూంలో ఆడం, ఆసుపత్రిలో ఆడం. దర్జీ దగ్గర, మిస్త్రీ దగ్గర, పంచర్ వేసేవాడి దగ్గర ఆడతాం. సామాను ధర ముద్రించి ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముతాం. హునర్ మీద ధర ముద్రించి ఉండదు కాబట్టి అది ఉత్తదే అనుకుంటాం.

హుకుమత్ సంగతి కూడా ఇంతే. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి వీఏ అనే అక్షరాలతో ప్రత్యేక నంబరు, ఫీజు 20,000, పదేళ్ల చెల్లుబాటు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. నెల తిరక్కుండానే ఆగస్టులో స్క్రాప్ పాలసీ వచ్చింది. ఇక రెన్యువల్ ఫీజు చూడండి. 15 ఏళ్లు దాటిన కారుకు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు.

పొగ తగ్గాలి, బ్రేకులు పట్టని బండ్లు రోడ్డు మీద ఉండకూడదు. దాంతో నాకు జగడం లేదు. ఫిట్‌నెస్ పరీక్ష గట్టిగా పెట్టండి, నా బండికీ పెట్టండి. కానీ ఈ రూల్స్ మొత్తంలో బండికి పుట్టిన తేదీ ఉంది, చచ్చే తేదీ ఉంది, యాభై దాటితే సన్మానం కూడా ఉంది. దాన్ని బతికించే చేతుల మాట ఎక్కడ? 2034లో నా అంబాసిడర్‌కు యాభై నిండి, దానికి వింటేజ్ పట్టం వస్తుంది. అప్పటికి మా ఉస్తాద్‌కు డెబ్బై ఆరు. అల్లాహ్ ఆయుష్షు ఇవ్వాలి. కానీ ఆయనకు పింఛన్ లేదు, పీఎఫ్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. చేసిన యాభై తొమ్మిదేళ్ల పనికి ఒక కాగితం ముక్క సాక్ష్యం లేదు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. అందరూ ఫోటో దిగుతారు. దాని గ్రీజు ఎవరు మార్చారు అని ఎవరూ అడగరు. మనం అంత దూరం పోనక్కర్లేదు. మార్కాపురం పలక దేశంలో ఎన్ని బడులకు పోయిందో! ఎందరు పిల్లలు దాని మీద అక్షరాలు దిద్దుకున్నారో! ఆ రాయిని గనిలోంచి తీసి, పొరలుగా చీల్చి, చెక్క చట్రం బిగించిన చేతుల పేరు మాత్రం ఏ పలక మీదా లేదు. నోటుపుస్తకం వచ్చింది, ప్లాస్టిక్ పలక వచ్చింది, ఆ చేతులు ఎటు పోయాయో అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు షెడ్డుల వంతు.

2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్ సిక్స్. సెన్సార్లు, కంప్యూటర్లు. చెవితో ఫాల్ట్ పట్టుకునే రోజులు పోతున్నాయి. కంపెనీ స్కానర్ లేకపోతే బండి నోరు విప్పదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే చట్టం చేసింది, బండి రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకూ ఇవ్వాలని. మన దగ్గర 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో మోటారు బండ్లూ ఉన్నాయి. పోర్టల్ వేరు, చట్టం వేరు. ఇది మన రోజీ రోటీ సవాల్. ఎవరి సవాల్ అంటే మనదే. మన కౌమ్‌లో నెల జీతం మీద కన్నా సొంత చేతి పని మీద బతికేవాళ్లే ఎక్కువని 2006లో సచ్చర్ కమిటీ రిపోర్టు చెప్పింది. అయినా మన జల్సాల్లో, తఖ్రీర్లలో ఈ మాట నేనెప్పుడూ వినలేదు.

తెలుగు చదువుకున్నవాణ్ని కాబట్టి ఒక్క మాట చెప్తాను. పాడైనదాన్ని బాగు చేయడానికి తెలుగువాళ్లంతా, హిందువులూ క్రైస్తవులూ అందరూ, వాడే మాట మరమ్మతు. అది మన మాటే, అరబ్బీ నుంచి ఫార్సీలోకి, అక్కడి నుంచి మన నోటి మీదుగా తెలుగులోకి వచ్చింది. కార్ఖానా, దర్జీ, వడ్రంగి చేతిలోని రందా, అన్నీ ఫార్సీ నుంచి మన నోటి మీదుగా వచ్చినవే. అంటే ఈ జుబాన్‌కు మనం ఇచ్చిన కానుకల్లో నవాబుల మాటలే కాదు, పనివాళ్ల మాటలూ ఉన్నాయి. మరమ్మతు అన్న మాటను ఇచ్చినవాళ్లం మనం. మరమ్మతు చేసేవాణ్ని చూసి ముఖం తిప్పుకునేదీ మనమే.

ఇప్పుడు ఆ రిష్తా సంగతి. చేతులు వణుకుతున్నాయి, అయినా రాస్తాను.

ఉస్తాద్ మనవడికి పోయిన ఏడాది ఒక రిష్తా వచ్చింది. మంచి ఖాందాన్, పిల్ల ఇంటర్ చదివింది. మాటలకు నన్ను పెద్దమనిషిగా పిలిచారు. పేపరు మనిషిని, నాలుగు మాటలు చక్కగా మాట్లాడతానని. పిల్ల తండ్రి అడిగాడు: "లడ్కా క్యా కర్తా?"

నేను అన్నాను: "ఆటోమొబైల్ బిజినెస్."

ఎందుకన్నానో తెలీదు. కాదు, తెలుసు. టిఫిన్ డబ్బాతో వెనక సందులోంచి వెళ్లిన పిల్లవాడు నాలో ఇంకా ఉన్నాడు కాబట్టి. ఉస్తాద్ పక్కనే కూర్చుని ఉన్నాడు. కడుక్కుని, కడుక్కుని వచ్చినా గోళ్ల చుట్టూ నలుపు పోదు కదా. ఆయన చేతులు రెండూ మోకాళ్ల కిందకు పెట్టుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత పిల్ల తరఫువాళ్లు చెప్పకుండా షెడ్డుకు వచ్చారు. మనవడు బండి కింద పడుకుని గేర్ బాక్సు విప్పుతున్నాడు. చూసి వెళ్లిపోయారు. సాయంత్రం ఫోను: "మిస్త్రీకు నక్కో."

నేను ఓదార్చడానికి వెళ్లాను. ఉస్తాద్ చాయ్ తెప్పించాడు. తర్వాత అన్నాడు: "ఉనో నక్కో బోలే, బురా నై లగా బేటా. తూ మిస్త్రీ నై బోలా, వో లగా." వాళ్లు వద్దన్నందుకు బాధ లేదంట. నేను మిస్త్రీ అని చెప్పనందుకు తగిలిందంట.

అప్పటికి నా కారు ఆ షెడ్డులోనే ఉంది. ఆ మాట అన్న మనిషే మర్నాడు వచ్చి దాని బ్రేకులు బిగించాడు.

పిల్ల తండ్రులారా, మీ వైపు మాట కూడా నేను ఒప్పుకుంటాను. మీ భయంలో నిజం ఉంది. షెడ్డు కిరాయిది. జాకీ జారితే చెయ్యి పోతుంది, ఇన్సూరెన్స్ లేదు. వానాకాలం రెండు నెలలు పని ఉండదు. కూతురి జిందగీ గురించి ఆలోచించడం తప్పు కాదు. ఆదాయం అడగండి, అప్పులు అడగండి, అలవాట్లు అడగండి. హఖ్ మీది. కానీ మీరు అవేమీ అడగలేదు. గ్రీజు చూసి వెళ్లిపోయారు. నెలకు పన్నెండు వేలకు బెంగళూరులో ఏసీ గది బయట నిలబడే పిల్లగాడికి ఇచ్చారు, "కంపెనీలో జాబ్" అన్నారు కాబట్టి. వాణ్ని తక్కువ చేయడం లేదు, అదీ హలాల్ రోజీయే. కానీ ఇరవై వేలు సంపాదించే హునర్‌ను కాదని పన్నెండు వేల చొక్కా ఇస్త్రీని ఎంచుకోవడం మీ కూతురి కోసం చేసింది కాదు. నలుగురికి చెప్పుకోవడానికి చేసింది.

పాత ఉస్తాద్ షాగిర్ద్ పద్ధతిని నేను జన్నత్ అనడం లేదు. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని బడి మానిపించి, పానాతో మొట్టి, ఏళ్ల తరబడి జీతం లేకుండా పని చేయించుకున్న కథలు మా ఉస్తాదే చెప్పాడు. ఆయన నెత్తి మీద ఇప్పటికీ మచ్చ ఉంది. అది మళ్లీ రాకూడదు. పిల్లవాడు టెన్త్ పాస్ కావాలి, ఆ తర్వాతే షెడ్డు. నేను కాపాడమంటున్నది ఆ దెబ్బల్ని కాదు, ఆ వేళ్లలోని ఇల్మ్‌ను.

ఇక ఏం చేయాలి? ఉత్త తిట్టి పోతే అది రాత కాదు.

జమాత్ పెద్దలకు: దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేశారని, నూహ్ అలైహిస్సలాం నావ కట్టారని, జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి అని ఖుత్బాలో చెప్తారు. సుబ్హానల్లాహ్ అంటాం. మరి మస్జిద్ కమిటీలో ఎప్పుడైనా ఒక మిస్త్రీని మెంబరుగా కూర్చోబెట్టారా? మోటారు చెడితే మాత్రం వజూఖానాకు పిలిపిస్తారు. ఒక ఆదివారం మస్జిద్ ఆవరణలోనే ఈ-శ్రమ్ రిజిస్ట్రేషన్ పెట్టించండి. అసంఘటిత కార్మికులకు 2021 నుంచి ఉంది. కౌశల్ వికాస్ యోజన కింద ముందే నేర్చుకున్న పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. నేను తిరిగిన షెడ్డుల్లో దాని పేరు విన్నవాళ్లే లేరు. చెప్పేవాళ్లు కావాలి.

చదువుకున్న తమ్ముళ్లకు: మీకు ఇంగ్లీషు వచ్చు, ల్యాప్‌టాప్ ఉంది. నలుగురు మిస్త్రీలు కలిసి ఒక స్కానర్ కొనుక్కునేలా చేయండి. సాఫ్ట్‌వేర్ చదివి చెప్పండి. ఉస్తాద్ చెప్పేది మీ ఫోన్లో రికార్డు చేయండి. క్యూబాలో అరవై ఏళ్ల నాటి అమెరికా కార్లు ఇంకా తిరుగుతున్నాయంటే అది ఇనుము గొప్పతనం కాదు, సామాను దొరక్కపోయినా తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి అందిన పని గొప్పతనం.

నాలాంటి షౌఖీన్లకు: కారు ఫోటో పెట్టేటప్పుడు మిస్త్రీ ఫోటో కూడా పెట్టండి, ఆయన ఒప్పుకుంటే. బేరం సామాను దగ్గర ఆడండి, చేతి దగ్గర ఆడకండి. ఆ ఏడు వేలు నేను తర్వాత తీసుకెళ్లి ఇచ్చాను. ఉస్తాద్ తీసుకున్నాడు. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు. మాఫ్ చేశాడో లేదో నేను అడగలేదు.

మనవడు ఇప్పుడు గల్ఫ్ పాస్‌పోర్టుకు అప్లై చేశాడు. డ్రైవరుగా పోతాడంట. "ఇక్కడ ఉంటే నిఖా కాదు భాయ్" అన్నాడు నవ్వుతూ. వాడు పోతే ఆ షెడ్డు ఉస్తాద్‌తోనే ఆఖరు. నా అంబాసిడర్ కార్బురేటర్‌లో రేపు చెత్త పడితే దాన్ని ట్రక్కు మీద ఎక్కించి చెన్నైకి పంపాలి. అప్పుడు దాన్ని వింటేజ్ అనుకుంటూ మురిసిపోవచ్చు మనమంతా.

వచ్చే ఆదివారం వాడికి ఇంకో రిష్తా మాటలున్నాయి, కంభంలో. నన్నే రమ్మన్నారు, ఉస్తాదే పిలిచాడు. కారులోనే వెళ్తాం. తాత ముందు సీట్లో, మనవడు స్టీరింగ్ దగ్గర, నేను వెనక. లడ్కా క్యా కర్తా అని అడుగుతారు. మిస్త్రీ అని చెప్తాను. బయట నిలబెట్టిన ఆ కారు ఎవరు చేశారో కూడా చెప్తాను. ఆ తర్వాత వాళ్లిష్టం.

దువా చేయండి.